యాభై ఏడో డిస్కు

నరసరావుపేట,
ఫిబ్రవరి 9.

పద్మా,

కవరు మీద మా కాలేజీ ముద్ర చూసి ఏదో సెమినారు పిలుపనుకుని పక్కన పడేయకు. నేనే, జ్ఞానాన్ని. ఫోను చేయకుండా ఉత్తరం రాయడానికి కారణం ఉంది. ఎలీషా ఫోను పాడయ్యాక నాదే ఆయన చేతిలో ఉంటోంది. నేను పాఠాలకు వచ్చేటప్పుడు కూడా ఇంట్లోనే వదిలి వస్తాను. ఊపిరందకపోతే పక్కింటి ఆరోగ్యమ్మ పిన్నిని పిలుచుకోవాలి గదా. నాకొచ్చే ప్రతి మెసేజీ ముందు ఆయన చదివి, తర్వాత నాకు వినిపిస్తాడు. ఆయన గురించి రాయాల్సినవి ఆయన చదవకూడదు. నువ్వు కూడా కాలేజీకే రాయి.

సగం నీకు తెలిసిందే. క్రషర్లో సూపర్‌వైజరుగా ఇరవై రెండేళ్ళు పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది. డిసెంబరు నుంచి మంచం పక్కన ఆక్సిజన్ మిషను. పగలంతా మోటారులా మోగుతూనే ఉంటుంది. ఎడ్ల బండలాగుడు పందేల్లో మైకు పట్టుకుంటే పక్క ఊరికి వినపడ్డ మనిషి ఇప్పుడు మంచినీళ్ళు అడగడానికి మధ్యలో ఒకసారి ఆగుతున్నాడు. మా పెళ్ళిలో "ఈయన గొంతుకి మైకు దండగే" అన్నావు, గుర్తుందా?

తను కామెంటరీ చెప్పిన పందేల వీడియోలు ఎనభై నాలుగు డిస్కులు ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. ప్రతి దాని మీదా తన చేత్తో నెంబరు వేసుకున్నాడు. వాటిని ఆడించే ప్లేయరు ఎప్పుడో చెడిపోయింది. ఇప్పుడు అవన్నీ చూడాలంటున్నాడు. మా ల్యాబులో భరత్‌ని అడిగితే, చిన్న కంప్యూటరొకటి కొని లైనక్స్ వేసి టీవీకి తగిలించండి మేడమ్, డిస్కులన్నీ దాంట్లోకి ఎక్కించవచ్చు అన్నాడు. ఏ కంప్యూటరో మాత్రం అతనికీ తెలియదు. ఇలాంటివి నీ పని కదా. గదిలో ఇప్పటికే ఒక చప్పుడుంది, ఇంకొకటి వద్దు. కరెంటు పోతే ఆక్సిజన్ మిషను ఇన్వర్టరు మీదే నడవాలి, అది నిండా మూడు గంటలు కూడా రాదు. టీవీ పక్కన ఇంకో పెట్టె పెడితే అది తినే ప్రతి వాటూ ఆయన ఊపిరిలోంచి తీసిచ్చినట్టే. అది ఎంత తింటుందో చెప్పు.

నీ
జ్ఞానం


విశాఖపట్నం,
ఫిబ్రవరి 17.

ఏమే జ్ఞానం,

ఉత్తరం మా ఆఫీసు గుమాస్తా పట్టుకొచ్చి, "మేడమ్, మీకు ఉత్తరమొచ్చింది" అని నలుగురు వినేలా చెప్పాడు. ఎవరో పోయారనుకున్నారు అందరూ. హాస్టల్లో పప్పు వద్దా సాంబారు కావాలా తేల్చుకోలేక చల్లన్నం తిన్న మనిషివి, కంప్యూటరు ఎంచుకుంటానంటే నవ్వొచ్చింది. తర్వాత అన్నయ్య సంగతి చదివాక ఆ నవ్వు పోయింది.

విను. అరచేతిలో పట్టే బోర్డొకటి ఉంది, రాస్ప్‌బెర్రీ పై అంటారు. ఐదారు వాట్లు తింటది. ఫ్యాను లేకుండా రేకు డబ్బాలో పెట్టేస్తే చప్పుడనేదే ఉండదు. పైగా టీవీ రిమోట్‌తోనే నడుస్తది, అన్నయ్యకి ఇంకో రిమోట్ అక్కర్లేదు. మినీ పీసీ అయితే బలం ఎక్కువ గానీ లోపల చిన్న ఫ్యాను కూస్తా ఉంటది. బ్యాంకుల్లో తీసేసిన పాత చిన్న కంప్యూటరు డబ్బాలు, థిన్ క్లయింట్లంటారు, చవగ్గా దొరుకుతయ్, వాటికీ ఫ్యాను ఉండదు, పది వాట్లలోపే. కానీ అవి టీవీ రిమోట్ మాట వినవు. డిస్కుల మీద ఉన్నది పాతకాలం వీడియో, దానికి ఏదైనా చాలు. ఏది కొన్నా లైనక్స్ నేను వేసి పంపుతా. ఆన్ చేస్తే నేరుగా బొమ్మల జాబితా వస్తది. ఆ ప్రోగ్రాం పేరు కోడి. ఎడ్ల పందేలకి కోడి ఏందని అన్నయ్య అడుగుతాడు, నవ్వనీ.

నన్నడిగితే బోర్డే. సరే అను, రేపే కొంటా.

పద్మజ


నరసరావుపేట,
మార్చి 6.

పద్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బోర్డు బాగానే ఉంది. కానీ ఎండాకాలంలో మా గది నలభై రెండు డిగ్రీలుంటుంది, ఫ్యాను లేని డబ్బా తట్టుకుంటుందా? మెమరీ కార్డు మీద నడిచేవి కరెంటు ఆగి ఆగి వస్తే పాడవుతాయని భరత్ అన్నాడు. థిన్ క్లయింటే మేలేమో. ఎనిమిది వాట్లదీ పది వాట్లదీ రెండూ చూశాను. పది వాట్లదానికి మెమరీ ఎక్కువ.

ఆయన ఎందుకు చూడాలంటున్నాడో నీకు చెప్పలేదు. మొదట గొంతు కోసమే అనుకున్నాను. నిన్న చెప్పాడు. మధ్యమధ్య ఆగి ఆగి, అరగంట పట్టింది.

మాచవరం చిన్నకోటయ్య నీకు తెలియదు. మా పింకీ పుట్టినప్పుడు ఆసుపత్రికి అందరికంటే ముందు వచ్చినవాడు ఆయనే. ఎలీషాని ఒరేయ్ అనే చనువు ఇంకెవరికీ లేదు. పద్నాలుగేళ్ళ కింద ఒక తిరునాళ్ళలో ఆయన ఎడ్లు దిగాయి. పది నిమిషాల్లో బండను ఎవరి జత ఎక్కువ అడుగులు లాగితే వారిది గెలుపు. ఆ రోజు టైము చూసే మనిషి రాలేదు. కమిటీవాళ్ళు స్టాప్‌వాచీ కూడా ఎలీషా చేతికే ఇచ్చారు. ఒక చేత మైకు, ఒక చేత వాచీ. విజిలు వేసేసరికి చిన్నకోటయ్య జత ముప్ఫై రెండు అడుగుల తేడాతో రెండో స్థానంలో ఆగింది. "టైము తగ్గించావురా ఎలీషా" అన్నాడట, అరవకుండా, బరిలో నిలబడి. ఈయన మైకులోనే, "నా పిల్ల మీద ఒట్టు, ఒక్క సెకను తక్కువ లేదు" అన్నాడు. చిన్నకోటయ్య తన జతను తోలుకుని బరి దిగిపోయాడు. నెల తిరక్కుండా ఎడ్లను అమ్మేశాడు. అప్పటినుంచి మా గుమ్మం తొక్కలేదు.

ఆ పందెం వీడియో యాభై ఏడో నెంబరు డిస్కు. విడిచిన దగ్గర్నుంచి విజిలు దాకా కెమెరా ఆపలేదట. ఈయన మాత్రం ఏనాడూ వేసి చూడలేదు. చూస్తే నన్ను నేను అనుమానించినట్టే గదా అనేవాడు. ఇప్పుడు అంటున్నాడు, "తప్పు నాదని తేలితే వాణ్ణి పిలిపిస్తా. నాది కాదంటే వాడే రావాలి. ఏదో ఒకటి తేలకుండా నేనేమని కబురు పెట్టను?"

అందుకే తొందర. కానీ తొందరపడి తప్పుడుది కొంటే ఎట్లా అని కూడా భయం. ఎనిమిది వాట్లదా, పది వాట్లదా?

జ్ఞానం


విశాఖపట్నం,
మార్చి 15.

జ్ఞానం,

ఏమైందే నీకు? మీ టీవీ ఒక్కటే యాభై వాట్లు తింటది. ఆక్సిజన్ మిషను మూడొందలు. ఎనిమిదికీ పదికీ తేడా రెండు వాట్లు, అంటే మీ ఇన్వర్టరు మీద ఒక నిమిషమో, అంతకన్నా తక్కువో. దీని కోసం నెల కూర్చున్నావు. ఎండకి బోర్డు చావదు, రేకు డబ్బాయే వేడి లాగేస్తది. కార్డు బదులు చిన్న డ్రైవు పెడతా, కరెంటు పోయినా ఫరవాలేదు. ఇంకేమన్నా ఉందా?

నేనిక నిన్ను అడగను. బోర్డు కొనేశా, బల్ల మీద ఉంది. నువ్వు చేయాల్సిందల్లా డిస్కుల పెట్టె కొరియర్లో పంపడం. మా ల్యాబులో వారంలో ఎక్కించేస్తా.

అన్నయ్య మాట నాకు నచ్చింది. తేల్చుకోవాలనుకునే మనుషులు ఇంట్లో ఇద్దరిలో ఒక్కరన్నా ఉన్నారు.

పద్మజ


నరసరావుపేట,
ఏప్రిల్ 4.

పద్మా,

ఈ రోజు పెట్టె పంపాను. ఆలస్యానికి తిట్టకు. ఇంటర్ పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. పింకీ గుంటూరు నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్ళింది. నర్సింగు చివరి ఏడు, పరీక్షలున్నాయి. "అమ్మా, నాన్న గోళ్ళు చూశావా" అని వంటింట్లో మెల్లగా అడిగింది. చూశానన్నాను. నీలంగా ఉంటున్నాయి.

ఆయన రోజూ అడుగుతున్నాడు, "మీ పద్మ ఏమన్నది?" అని. అక్షరాలు పెద్దవిగా కనిపించేలా పెట్టు. కళ్ళజోడు పెట్టుకుంటే ఆక్సిజన్ గొట్టం చెవి దగ్గర ఒత్తుకుంటుందట.

జ్ఞానం


విశాఖపట్నం,
ఏప్రిల్ 21.

జ్ఞానం,

అన్నీ ఎక్కినయ్. మొదట మా కోడికి పిచ్చెక్కింది. "గురజాల, ఆరు పళ్ళ విభాగం" అన్న పేరు (ఎడ్ల వయసు పళ్ళతో లెక్కంట) చూసి అదేదో పరదేశపు సినిమా అనుకుని, ఎవరో తెల్లామె బొమ్మ తెచ్చి అతికించింది. నేనూ మా పిల్లలూ పడీ పడీ నవ్వాం. ఇప్పుడు ఆ వెతుకులాట మాన్పించి, ప్రతి పందేనికీ దాని ఎడ్ల బొమ్మే పెట్టా. ఒక డిస్కు పూర్తిగా విన్నా. "వృషభరాజములు బరిలోకి వస్తున్నయ్, అమ్మలారా అయ్యలారా, ఊపిరి బిగబట్టండి" అంటాడు అన్నయ్య. నేను ఆపేసి బయటికెళ్ళి టీ తాగొచ్చా.

ఒక సంగతి. పెట్టెలో ఎనభై మూడే ఉన్నయ్. యాభై ఆరు తర్వాత యాభై ఎనిమిది. మరిచిపోయావేమోనని మొదట అనుకున్నా. నువ్వు కాయితం మీద సంతకం పెట్టేముందు మూడుసార్లు చదివే మనిషివి. ఏ డిస్కు మరిచిపోకూడదో అదే మరిచిపోయావంటే నేను నమ్మను.

ఏం జరిగిందో చెప్పు.

పద్మ


నరసరావుపేట,
ఏప్రిల్ 28.

పద్మా,

నీకు మొదటి ఉత్తరం రాసే నాటికే చూసేశాను. ఆయన నిన్న చెప్పాడని మార్చిలో రాసింది నిజం కాదు.

జనవరిలో ఆయన ఆ నెంబరు నోట అనగానే, ఎందుకో తెలియకుండానే, దాన్ని బ్యాగులో వేసుకుని కాలేజీ ల్యాబుకి తీసుకెళ్ళాను. భోజనాల వేళ, ఎవరూ లేనప్పుడు. మూడుసార్లు చూశాను, నా చేతి గడియారం పక్కన పెట్టుకుని. ఎడ్లను విడిచినప్పటి నుంచి విజిలు దాకా తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. మూడుసార్లూ అంతే. ఎడ్లను విడవకముందే వాచీ నొక్కి ఉంటాడు. మైకులో మాటలు పరుగెత్తుతున్నాయి, చూసుకోలేదు. కావాలని చేసింది కాదు. కానీ నలభై సెకన్లు. ఆ ఎడ్లు ముప్ఫై రెండు అడుగులు నలభై సెకన్లలో సునాయాసంగా దాటేవి.

ఫ్యాను, వాట్లు, ఎండ, కార్డు అన్నీ నేను పట్టుకున్న సాకులే. రాసేటప్పుడు నాకూ అవి నిజమనే అనిపించింది, అదే నాకు భయం. నేను ఎకనామిక్స్ పాఠంలో ఒకటి ఎంచుకుంటే వదులుకున్నదాని విలువెంతో లెక్కగట్టమని పిల్లలకి చెబుతాను. ఇక్కడ మాత్రం ఏదీ ఎంచుకోకుండా కాలం గడిపేస్తే చాలనుకున్నాను.

ఆయన పిల్ల మీద ఒట్టు పెట్టాడు పద్మా. తప్పని తెలిస్తే ఏమవుతాడు? డాక్టరు జనవరిలోనే చెప్పాడు, వానలు పడేదాకా అని. ఈ మాట పింకీకి కూడా చెప్పలేదు. మనసు కలతపడితే ఊపిరి ఎక్కువ ఖర్చవుతుందట. మిగిలిన నెలలు తను తప్పు చేయలేదనుకుని ఉండనిస్తే ఏం పోయింది? మళ్ళీ అనిపిస్తుంది, ఆయన అడిగింది అది కాదు గదా అని. తేల్చమన్నాడు. ఏది ప్రేమో నాకు తెలియడం లేదు.

జ్ఞానం


విశాఖపట్నం,
మే 5.

జ్ఞానం,

వానలు పడేదాకా అన్న మాట ఫిబ్రవరిలో రాసి ఉంటే, నేను మా ఇంట్లో ఉన్న పాత లాప్‌టాపు పట్టుకుని ఆ వారమే రైలెక్కేదాన్ని. వాట్ల గురించి జోకులేస్తా కూర్చున్నా మూడు నెలలు. నీ మీద కోపంగా ఉంది, దాచను.

రేకు డబ్బా ఈ రోజు పంపుతున్నా. టీవీకి తగిలించి ఆన్ చెయ్, అంతే. జాబితాలో యాభై ఏడు అని ఒక ఖాళీ ఫోల్డరు పెట్టా. నీ దగ్గరున్న డిస్కుని భరత్ చేత పెన్‌డ్రైవులోకి ఎక్కించి అందులో వేస్తే, మిగతావాటిలాగే కనబడుద్ది. నా చేతనైంది అంతవరకే.

చూపించవే. ఆయన భరించలేడని నువ్వెట్లా అనుకుంటావు? మనిషి పోయేముందు ఒక మనిషిని పిలుచుకోవాలనుకుంటున్నాడు. దానికి ఆ నలభై సెకన్లే కావాలి.

పద్మ


నరసరావుపేట,
జూన్ 11.

పద్మా,

నీ డబ్బా గదిలో ఉందన్న సంగతే తెలియదు, అంత నిశ్శబ్దం. మొదటి వారం ఇల్లు ఇల్లులా లేదు. ఆరోగ్యమ్మ పిన్ని పని మానేసి వచ్చి కూర్చునేది. "ఓయబ్బో, ఎలీషా, నీ గొంతేందయ్యా, మైకు పగిలిపోలా?" అంటే ఈయన నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వేవాడు. కోడి అన్న పేరుకి నువ్వు చెప్పినట్టే అడిగాడు. ఒకటో నెంబరు నుంచి వరుసగా చూశాడు, ముందుకి దూకలేదు. యాభై ఏడు వస్తుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

భరత్ ఎక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవు నా బ్యాగులోనే ఉంది. రోజూ తెల్లవారి లేచి ఈ రోజు వేస్తాననుకున్నాను.

మే ముప్ఫైన యాభై ఏడు నొక్కాడు. "ఇందులో ఏమీ లేదు" అని తెర మీద వచ్చింది. నా వంక చూశాడు. నేను అన్నం కలుపుతున్నాను. డిస్కు పాడైందన్నాను. గీతలు పడ్డాయి, పద్మ ఎంత ప్రయత్నించినా రాలేదన్నాను. నీ పేరు కూడా వాడుకున్నాను, క్షమించు.

"ఎనభై మూడు బాగుండి, అదొక్కటే పాడైందా?"

"పాతవి గదా."

రిమోట్ పక్కన పెట్టాడు. "చిన్నకోటయ్య బతికే ఉన్నాడా?" అన్నాడు. ఉన్నాడనే విన్నానన్నాను. "సరేలే" అని అటు తిరిగి పడుకున్నాడు. యాభై ఎనిమిది నుంచి ఇక చూడలేదు. నేను పెట్టబోతే, "ఆపెయ్, మిషను చప్పుడు చాల్లే" అన్నాడు.

ఆయనకి నా అబద్ధం తెలిసిపోయిందా? తెలిసి, అబద్ధం వెనక ఉన్నదీ తెలిసిందా? అలా తెలిసిందైతే పిలిపించమని ఎందుకు అడగలేదు? అడిగితే నేను అబద్ధమాడానని ఒప్పుకున్నట్టవుతుందని, నా కోసం ఊరుకున్నాడా? లేక నిజంగానే నమ్మాడా? రేపు చెబుతాను. రేపు తప్పకుండా చెబుతాను.

జ్ఞానం


విశాఖపట్నం,
జూన్ 27.

జ్ఞానం,

పింకీ ఫోను చేసి చెప్పింది. నీతో మాట్లాడదామంటే నువ్వు ఫోను తీసుకోలేదంది. తీసుకోకపోయినా ఫరవాలేదు. సమాధి కార్యక్రమానికి అందుకోలేకపోయా, తర్వాత ప్రార్థన పెట్టే ఆదరణ కూడికకి వస్తా.

చెప్పగలిగావా లేదా అని నేను అడగను. నువ్వు చెప్పాలనుకున్నప్పుడే రాయి.

పద్మ


నరసరావుపేట,
ఆగస్టు 3.

పద్మా,

కూడికకి నువ్వు వచ్చి, నన్నేమీ అడగకుండా, గిన్నెలు కడిగి వెళ్ళావు. ఇప్పుడు రాస్తున్నాను. చెప్పలేదు. రేపు చెబుతానని నీకు రాసిన ఉత్తరం పోస్టు చేసిన నాలుగో రోజు నుంచి ఆయన మాట వినే స్థితిలో లేడు. నేను చెవి దగ్గర చెప్పాను కూడా, తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లని. దాన్ని చెప్పడం అనను.

నిన్న మధ్యాహ్నం చిన్నకోటయ్య వచ్చాడు. నేను మొదట పోల్చుకోలేదు. బాగా వంగిపోయాడు. సమాధి రోజున జ్వరంతో ఉన్నానని, రాలేకపోయానని చెప్పాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా మంచం ఉన్న చోటు చూశాడు. మంచం తీసేశాం. మిషను కూడా ఇచ్చేశాం.

"వాడి గొంతు ఉన్న బొమ్మలు నీ దగ్గరున్నయ్యంటగా అమ్మా. ఒకసారి వినిపిస్తావా?"

ఎనభై మూడు ఉన్నాయి. ఏదైనా పెట్టవచ్చు. నేను బ్యాగులోంచి పెన్‌డ్రైవు తీసి యాభై ఏడు పెట్టాను. ఎవరో ఒకరికి చెప్పేయాలని నాకు ఊపిరాడకుండా ఉంది పద్మా, అది ఆయన కోసం చేసింది కాదు.

చేతికర్ర మీద గడ్డం ఆనించి చూశాడు. తన ఎడ్లు బరిలోకి రాగానే, "అదుగో ఎర్రోడు" అన్నాడు, అంతే. ఎలీషా గొంతు ఇల్లంతా నిండింది. ఆ జతను పొగుడుతున్నాడు, పద్నాలుగేళ్ళ కింద, నిండు ఊపిరితో. మాచవరం చిన్నకోటయ్య గారి వృషభరాజములు, కన్నార్పకుండా చూడండి అంటున్నాడు. విజిలు పడింది. నేను ఆపి, తెర కింద ఉన్న అంకెలు చూపించాను. తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు మామా, తప్పు మా ఆయనదే అన్నాను.

ఆయన అంకెల వంక చూడనే లేదు.

"నాకు తెలుసమ్మా. ఆ రోజే తెలుసు. పది నిమిషాలకి నా ఎడ్లు ఏడ ఉంటయ్యో నాకు తెలీదా? వాడు కావాలని చెయ్యలేదనీ తెలుసు. మైకు పడితే వాడికి ఒళ్ళు తెలిసేది గాదు." తెర వంక వేలు చూపించాడు. "ఇది వాడు చూశాడా?"

లేదన్నాను.

"ఎందుకని?"

బాధపడతాడనుకున్నానని చెప్పాను. ఆయన తల ఊపి, కర్ర ఆనించి లేచాడు. టీ పెడతానంటే వద్దన్నాడు. ఆటో పిలుస్తానంటే బస్టాండు దాకా నడుస్తానన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, నాతో కాదు, ఎదురుగా ఉన్న గోడతో అన్నట్టు అన్నాడు:

"నేను వాడు పిలుస్తాడనే ఉన్నా ఇన్నేళ్ళూ. తెలిసుంటే పిలిచేవాడమ్మా వాడు."

జ్ఞానం